గుర్రం మీద మూట

"...మూట గాకపోతే ఇంకేమనల్లప్పా? ఎక్కి కూసోని ఇరవై నిమిషాలయింది. గుర్రం ఒక్క అడుగన్నా ఏసిందా?"

"బిడ్డ ఇంటా ఉండాది సార్. రవంత మెల్లిగా..."

"ఇననీ. ఇనల్లనే అంటా ఉండాను. రేషనంగట్లో బియ్యం మూటను ఎత్తి కుదేస్తే అదన్నా కదుల్తాది. నువ్వు నాకు నేర్పొద్దు సాయిబూ. పోయి పేడెత్తుపో."

కోమలి గేటు దగ్గర స్కూటరుకు స్టాండు వేస్తూ ఉండగా ఈ మాటలు చెవిన పడ్డాయి. అరిచేది రైడింగ్ మాస్టరు విజయ్ కుమార్. మెల్లిగా బదులు చెబుతున్నది గుర్రాల ఆలనాపాలనా చూసే ముసలాయన షఫీవుల్లా. కంచె అవతల, ఇసుక పరిచిన మైదానం నడుమ, కదలని తెల్లగుర్రం మీద కూర్చుని ఉన్నది కోమలి కూతురు అమల. పన్నెండేళ్ళ పిల్ల. నెత్తిన నల్ల హెల్మెట్టు, దాని కింద కందిపోయిన మొహం. కంచె పట్టుకుని నిలబడ్డ పిల్లలు నవ్వుతున్నారు. వాళ్ళలో ఒకడు "మూటా!" అని కేక వేశాడు. మాస్టరు వాణ్ణి కసురుకోలేదు. తానూ నవ్వాడు.

అమల గుర్రం దిగలేదు. దిగమని ఎవరూ చెప్పలేదు గనుక.

కోమలి లోపలికి పోయి గొడవ పెట్టుకోలేదు. ఆమెను ఎరిగినవాళ్ళెవరైనా అక్కడ ఉంటే, ఆమె ఊరుకోవడం చూసే భయపడి ఉండేవాళ్ళు.

కోమలి ఆర్టీసీలో కండక్టరు. పద్నాలుగేళ్ళ సర్వీసులో తొమ్మిదేళ్ళు తిరుపతి నుంచి సత్యవేడు పోయే బస్సులోనే గడిచాయి. ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులో కాలు మోపే చోటు లేదు. అయినా ఎవరు ఎక్కడ ఎక్కారో, ఎక్కడ దిగాలో ఆమెకు తెలిసిపోతుంది. నోరు చేసుకోవడం ఆమెకు అలవాటు లేదు. ఒకప్పుడు ఆ బస్సులో రోజూ వచ్చే గుమాస్తా ఒకాయన ఉండేవాడు. స్టాపు కాకపోయినా ఆయన ఇంటి ముందు బస్సు ఆపించేది కోమలి, మంచితనం కొద్దీ. ఒకరోజు ఆయన పక్క సీటువాడితో, "ఆడది విజిలేస్తే బండి యాడికి పోతాదో ఏమో" అన్నాడు. కోమలి విన్నది, టికెట్టు ఇచ్చింది, చిల్లర ఇచ్చింది. ఆ సాయంత్రం నుంచి బస్సు ఆయన ఇంటి ముందు ఆగలేదు. తర్వాతి స్టాపు రెండు కిలోమీటర్ల అవతల. "రూల్సు సార్" అనేది. నాలుగు నెలలు, వానలో కూడా, ఆయన వెనక్కి నడిచాడు. చివరికి బస్సు మార్చుకున్నాడు.

భర్త వెంకటముని గ్యాసుపొయ్యిలు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. మెత్తటి మనిషి. "నీతో తగాదా పెట్టుకునేవాడు ముందుగా ఒక చెప్పుల జత కొనుక్కోవల్ల" అని నవ్వేవాడు.

చంద్రగిరి పోయే రోడ్డు పక్కన, కొండల కింద ఈ గుర్రాల బడి పెట్టి మూడేళ్ళయింది. స్కూలు బస్సు కిటికీలోంచి దాన్ని చూసి చూసి, పుట్టినరోజుకు గౌను వద్దు గుర్రం నేర్పించమని అడిగింది అమల. మూడు నెలలకు డబ్బు ముందే కట్టించుకున్నారు. ఇంకా ఒక నెల కూడా పూర్తి కాలేదు. ఆ సాయంత్రం ఇంటికి రాగానే అమల హెల్మెట్టు తీసి మంచం కిందికి తోసింది.

"నేనింక పోను."

"ఎందుకు?"

"నాకు రాదు. ఆ చాంద్ గుర్రానికి నేనంటే లెక్కలేదు. తన్నమంటే తన్నినా, గుంజమంటే గుంజినా. అది ఊరికే నిలబడుకోని ఉండాది. తప్పు నాదే."

కోమలి ఆ చివరి మాట దగ్గర ఆగిపోయింది. నలుగురిలో నవ్వడం ఒక ఎత్తు. బిడ్డ నోటితోనే తప్పు తనదని అనిపించడం ఇంకొక ఎత్తు. ఆ మాట ఆ మాస్టరు నోటితోనే, ఆ నలుగురి ముందే, వెనక్కి తీయించాలి. ఎలాగో ఆమెకు అప్పుడు తెలియదు. తొందర కూడా లేదు.

మర్నాడు డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే పోయింది.

"మా పాప రాదంట సార్. కట్టిన డబ్బులకు నేను నేర్చుకుంటాను."

విజయ్ కుమార్ ఆమెను పైనుంచి కిందికి చూశాడు. ఎక్కడో గుర్రపుదళంలో పనిచేశానని చెప్పుకునే మనిషి. మోకాళ్ళ దాకా బూట్లు, చేతిలో ఎప్పుడూ ఒక సన్నటి బెత్తం. "మీరా? ఏ గుర్రమిమ్మంటారు కండక్టరమ్మా?"

"మా పాపకిచ్చిందే."

చాంద్ ఎత్తయిన గుర్రం. పక్కన టపాకాయ పేలినా బెదరదు. అందుకే కొత్తవాళ్ళను దాని మీద ఎక్కిస్తారు. ఎక్కించి, మాస్టరు దానికి ఎదురుగా నాలుగు బారల దూరంలో నిలబడి, దాని కళ్ళలోకి చూస్తూ ఆర్డర్లు వేస్తాడు. మిగతా గుర్రాలన్నీ అలాగే బయల్దేరతాయి. చాంద్ మాత్రం రాతిగుర్రమైపోతుంది.

మొదటి రోజు కోమలి దాన్ని మడమలతో తన్నింది. రెండో రోజు మాస్టరు ఇచ్చిన చింతబరికెతో పిర్ర మీద వేసింది. గుర్రం తోక పైకెత్తి పేడ వేసింది. కంచె దగ్గర పిల్లలు ఇరగబడి నవ్వారు.

"కండక్టరమ్మా, రైట్ రైట్ అని చూడండి, కదుల్తాదేమో!" అన్నాడు మాస్టరు.

కోమలి కూడా నవ్వింది. ఆ మాటను తీసి జాగ్రత్తగా లోపల పెట్టుకుంది.

రెండు వారాలు గడిచాయి. తొడలు ఒరుసుకుపోయి బస్సులో మెట్టు ఎక్కడం కష్టమైంది. పగ్గాలు పట్టిన వేళ్ళు బొబ్బలెక్కి టికెట్ల మిషను నొక్కుతుంటే మంటపుట్టేవి. ఆ రోజుల్లో ఆమెకు మాస్టరు మీద కన్నా గుర్రం మీదే కోపం ఎక్కువ. నా బిడ్డను నలుగురిలో నవ్వులపాలు చేసింది నువ్వే కదా అని దాని మెడ వెనక వెంట్రుకలు చూస్తూ అనుకునేది.

ఒక సాయంత్రం మాస్టరు అరుస్తూ ఉండగా ఆయన ఫోను మోగింది. చెవిన పెట్టుకుని, అటు తిరిగి, గేటు వైపు నడవసాగాడు. అంతలో కోమలి కింద చాంద్ కదిలింది. ఆమె తన్నలేదు, పగ్గం గుంజలేదు. గుర్రం తల వంచుకుని మాస్టరు వెనకాలే ఒక్కో అడుగూ వేసింది. ఆయన ఫోను జేబులో పెట్టి ఇటు తిరిగాడు. ఎదురుగా గుర్రం. అది ఠక్కున నిలిచిపోయింది.

"చూసినారా? ఇప్పుడు సరిగ్గా తన్నినారు, కదిలింది" అన్నాడు మాస్టరు.

"అవును సార్" అన్నది కోమలి.

సోమవారం బడికి సెలవు. మాస్టరు రాడు. కోమలి తన వారపు సెలవును ఆ రోజుకు మార్పించుకుని పొద్దున్నే పోయింది. షఫీవుల్లా పాకలో చాంద్ గిట్టలు కడుగుతున్నాడు.

"భాయ్, ఈ గుర్రం మొదట ఏం పని చేసేది?"

"పెండ్లిళ్ళకమ్మా. నాదే. పన్నెండేళ్ళు తిరుపతిలో ఏ ఊరేగింపుకైనా ఇదే పోయేది. ఆపైన పెండ్లికొడుకులు పూలు కట్టిన కార్లలో తిరగబట్టిరి. దీన్ని ఈడ ఇచ్చేసి, దీనెంట నేనూ వచ్చేసినా."

"పెండ్లిలో దీన్ని నడిపేదెట్లా?"

ముసలాయన లేచి, తడి చేతులు లుంగీకి తుడుచుకుని, చాంద్‌కు వీపు పెట్టి నడిచాడు. గుర్రం వెంటే నడిచింది. గిరుక్కున తిరిగి దాని మొహంలోకి చూశాడు. గుర్రం ఆగింది.

"ఇంతేమ్మా. వీపు చూపిస్తే నడవల్ల, మొహం చూపిస్తే ఆగల్ల. వీధి మొగలో హారతి పట్టేటప్పుడు, ఫొటోలప్పుడు నేనిట్లా తిరిగి నిలబడతా. ఇంక డప్పులు, పలకలు కొట్టనీ, టపాసులు కాల్చనీ, కదలదు. పైన కూసున్నోడితో దానికి పని లేదు. తాగొచ్చిన పెండ్లికొడుకులు ఎంతమంది తన్నినారో దాన్ని."

కోమలికి అంతా అర్థమైంది. ఎదురుగా నిలబడి నడవమని అరిచే మాస్టరే ఇన్నాళ్ళూ గుర్రాన్ని నిలబెడుతున్నాడు.

"మాస్టరుకు చెప్పలేదా భాయ్?"

"వచ్చిన వారంలోనే చెప్పబోయినా. నాకు నేర్పొద్దు సాయిబూ అన్నాడు. ఇంక నేను చెప్పలా." షఫీవుల్లా గడ్డం గోక్కున్నాడు. "తెలీకుండానే ఉండనీలేమ్మా. నాకూ రవంత సంతోషంగానే ఉండాది."

"నా బిడ్డను మూట అన్నప్పుడు గూడా సంతోషంగానే ఉన్నిందా?"

ముసలాయన తల వంచుకుని గిట్టలు కడగడంలో పడ్డాడు. చివరి గిట్ట కడిగి, "ఎక్కమ్మా. నీకు నేర్పిస్తా" అన్నాడు.

సోమవారం సోమవారం ఆమె నేర్చుకుంది. మొదట షఫీవుల్లా ముందు నడిచేవాడు. తర్వాత పక్కకు తప్పుకునేవాడు. వీపు కనబడకపోతే చాంద్ ఆగిపోయేది. తన్నొద్దు, అడగమన్నాడు ముసలాయన. ఎలా అడగాలో ఆయనకు చెప్పడం రాలేదు. కోమలికి అది తన బస్సే నేర్పింది. టికెట్టు తీసుకోకుండా దొంగనిద్ర పోయేవాణ్ణి అరిచి లేపితే ఇంకా గట్టిగా కళ్ళు మూసుకుంటాడు. పక్కన ఊరకే నిలబడాలి. ఎవరో నిలబడ్డారనే ధ్యాస వాడికి కలిగేదాకా నిలబడాలి. అప్పుడు వాడే కన్ను తెరుస్తాడు. ఆమె కాళ్ళు వదులు చేసి, పోవలసిన చోటును చూస్తూ, గుర్రం మీద ఊరకే కూర్చుంది. చాలాసేపటికి చాంద్ చెవి ఒకటి వెనక్కి తిరిగింది. ఇన్నేళ్ళలో మొదటిసారి, తన మీద ఎవరో ఉన్నారని దానికి తోచినట్టుంది. అప్పుడు ఆమె ఊపిరి వదిలి నడుము కొంచెం ముందుకు వాల్చింది. గుర్రం అడుగు వేసింది.

గుర్రం మీద కోపం ఆ రోజుతో పోయింది. మిగిలిన కోపం మాత్రం అలాగే ఉంది.

నాలుగో సోమవారానికి ఆమె ఎవరి వీపూ లేకుండానే మైదానం చుట్టూ తిప్పగలిగింది. షఫీవుల్లా ముచ్చటపడ్డాడు. "ఇంకో రెండు వారాలుంటే మొహం చూసి ఆగే అలవాటు గూడా మానిపిస్తా."

"వద్దు భాయ్. అది మాత్రం ఉండనీ."

ఆయన ఆమెను ఒక క్షణం చూసి, చాంద్ మీది జీను విప్పసాగాడు.

మిగతా రోజుల్లో మాస్టరు ముందు ఆమె ఎప్పటిలాగే తన్నేది, గుర్రం ఎప్పటిలాగే నిలబడేది. అమల మానేశాక ఆ వరసలో చాంద్ మీదికి ఎక్కింది స్టెల్లా, వాళ్ళ పక్కవీధి పిల్ల, అమల క్లాసే. ఒక శుక్రవారం ఆ పిల్ల గుర్రం మీద కూర్చుని ఏడ్చింది. "ఇంకొక మూట తయారయింది" అన్నాడు మాస్టరు. కోమలి కంచె దగ్గరే ఉన్నది. మీరు పక్కకు జరగండి సార్ అంటే సరిపోయేది. నేర్చుకునేవాళ్ళంతా నలుగురి ముందు గుర్రమెక్కి చూపించే బడి వార్షికోత్సవానికి ఇంకా తొమ్మిది రోజులుంది. ఆమె హెల్మెట్టు బకిలు సర్దుకుంటూ నిలబడింది.

వార్షికోత్సవం ఆదివారం సాయంత్రం. షామియానా, మైకు, పిల్లల అమ్మానాన్నలు, ముందువరసలో ఎవరో రిటైరైన పెద్ద ఆఫీసరు. కోమలి అమలను బలవంతాన వెంట తెచ్చింది. పిల్ల వెనకవరస కుర్చీలో స్టెల్లా పక్కన కూర్చుంది. ఆనాడు నవ్విన పిల్లలంతా కంచె దగ్గరే ఉన్నారు.

మాస్టరు మైకు దగ్గర షామియానాలో ఉన్నాడు. మైదానంలో ఎవరూ లేరు. కోమలి చాంద్ మీద వచ్చి మూడు చుట్లు తిరిగింది. చేతిలో బరికె లేదు. మాస్టరు ఒక్క క్షణం నోరు తెరిచి, వెంటనే సర్దుకున్నాడు.

"సూడండి! మా బళ్ళో అన్నిటికన్నా మొండి గుర్రమిది. బస్సు కండక్టరు చేత గూడా నడిపించినామంటే, అదీ మా ట్రైనింగు!"

చప్పట్లు కొట్టారు. కోమలి గుర్రాన్ని షామియానా ముందు ఆపి దిగింది. అందరికీ వినబడేలా, ఎంతో వినయంగా అంది: "నేర్పిన గురువుగారు దీని మీద ఒక్క చుట్టు తిరిగితే మా పిల్లలు చూసి నేర్చుకుంటారు సార్."

ఆఫీసరు చప్పట్లు మొదలుపెట్టాడు. ఇంక తప్పించుకోవడానికి లేదు. పైగా గుర్రం ఇప్పుడే నడిచింది గదా. విజయ్ కుమార్ బూట్లు దులుపుకుని ఎక్కాడు.

"నడుమ దాకా నేను పట్టుకోనొస్తా సార్" అని కోమలి పగ్గం పట్టి, వీపు పెట్టి నడిచింది. చాంద్ బుద్ధిగా వెంట వచ్చింది. సరిగ్గా ఆనాడు అమల గుర్రం మీద కూర్చున్న చోటికి వచ్చాక ఆమె పగ్గం వదిలి, ఇటు తిరిగి, గుర్రానికి మొహం చూపిస్తూనే నాలుగు బారలు వెనక్కి జరిగి నిలబడింది.

మాస్టరు మడమలు ఆనించాడు. కదలలేదు. తన్నాడు. కదలలేదు.

"ఇంకా గట్టిగా సార్" అంది కోమలి.

బెత్తంతో కొట్టాడు. చాంద్ తోక ఎత్తింది. కంచె దగ్గర కిసుక్కుమన్నారు.

"రైట్ రైట్ అని చూడండి సార్, కదుల్తాదేమో."

ఈసారి పెద్దవాళ్ళూ నవ్వారు. ఫోన్లు పైకి లేచాయి. మాస్టరు మొహం, ఆనాడు అమల మొహం కందిన రంగుకే తిరిగింది. కోమలి దాన్ని తీరిగ్గా చూసింది. అప్పుడు పిల్లల్లోంచి ఒకడు, ఆనాటి వాడే, "మూటా!" అని కేక వేశాడు. ఇంకొకడు అందుకున్నాడు. తర్వాత అందరూ.

"పక్కకు జరుగమ్మా" అన్నాడు మాస్టరు పళ్ళ మధ్య నుంచి.

"నేను పట్టుకోలేదే సార్. సూడండి." రెండు చేతులూ చాపి చూపించింది. తర్వాత గొంతు తగ్గించింది. "దీన్ని నడిపించేది నా చేతిలో ఉండాది. మా పాప తప్పు లేదని మైకులో చెప్పండి, నడుస్తాది. లేదా పొద్దుపోయేదాకా ఈడే ఉందాం. నాకు రేపు గూడా డ్యూటీ లేదు."

దిగిపోదామని ఆయన కాలు ఎత్తబోయాడు. ముందువరసలో ఆఫీసరు, "ఇంకోసారి ట్రై చెయ్యండి మాస్టారూ!" అని కేక వేశాడు. కాలు మళ్ళీ రికాబులోకి పోయింది. ఎవరూ పిలవకుండానే షఫీవుల్లా తీగ లేని మైకు తెచ్చి మాస్టరు చేతికి అందించి, చాంద్ మొహం ముందు నుంచి పక్కకు వెళ్ళిపోయాడు.

"ఆ పాప తప్పేం లేదు" అన్నాడు మాస్టరు.

"పేరు పెట్టి."

"అమల తప్పేం లేదు."

"మరి ఎవరిది?"

మైకులో ఊపిరి చప్పుడు వినబడింది. "నాది."

కోమలి వీపు తిప్పి నడిచింది. చాంద్ వెంటనే కదిలింది. ఎవరో కుర్చీ మీద పలక దరువు వాయించడం మొదలుపెట్టారు, ఇంకెవరో "పెండ్లికొడుకు వస్తా ఉండాడు, దారియ్యండప్పా!" అన్నారు. ఒక్క చుట్టు చాలు. కోమలి రెండు చుట్లు తిప్పింది. షామియానా ముందు ఒకసారి ఆగి, వెనక్కి తిరిగి, ఫొటోలు తీసుకునేవాళ్ళు తీసుకునేంతసేపు గుర్రానికి మొహం చూపిస్తూ నిలబడింది.

ఇంటికి వచ్చేటప్పుడు అమల స్కూటరు వెనక సీట్లో కూర్చుంది. కోమలి అద్దంలో చూసింది. పిల్ల నవ్వడం లేదు.

"విన్యావు గదా, ఏమన్నాడో?"

"విన్యాను."

కొంతదూరం పోయాక అమల అడిగింది. "మొహం చూపిస్తే ఆగుతాదని నీకు ఎప్పుడు తెలిసిందిమా?"

"నెల దాటింది."

"పోయిన వారం స్టెల్లా ఏడ్సిందంట."

"ఊఁ."

"నువ్వు ఆడే ఉన్నావంటనే."

కోమలి స్పీడ్‌బ్రేకరు దగ్గర బండి నెమ్మది చేసింది. "ఉన్యాను" అంది.

ఇల్లు వచ్చింది. వెంకటముని వాకిట్లోనే ఎదురుచూస్తున్నాడు, ఏమైందని కళ్ళతోనే అడిగాడు. అమల లోపలికి పోయి, వంగి, మంచం కింద నుంచి హెల్మెట్టు బయటికి లాగింది. గౌను అంచుతో దాని మీది దుమ్ము తుడిచింది.

"రేప్పొద్దున నేనూ స్టెల్లా పోతాం. భాయ్ తాతను అడిగి చాందుకు ఆ అలవాటు మానిపిస్తాం. నువ్వు రావద్దు."